తీగ మీదుగా ఓఎస్: జిల్లా కాలేజీల క్లస్టర్లకు ఏ దారి మేలు?

ల్యాబ్‌లో నలభై కంప్యూటర్లుంటే నలభైసార్లు పెన్‌డ్రైవ్ గుచ్చి, అవే ప్రశ్నలకు అవే జవాబులు నొక్కుతూ కూర్చోవడం మన కాలేజీల్లో ఇప్పటికీ మామూలే. ఫార్మాట్ కొట్టడం అని దానికి పేరు. ఒక్కో యంత్రానికి అరగంట వేసుకున్నా ఇరవై గంటల పని. పోనీ, సమయం పెట్టి చేద్దామన్నా చివరికి నలభై యంత్రాలూ ఒకేలా రావు. ఒకదాంట్లో టైమ్‌జోన్ తప్పు, ఇంకోదాంట్లో డిస్క్ విభజన వేరు, మూడోదాంట్లో ఒక లైబ్రరీ పాతది. విడివిడిగా వాడుకునే కంప్యూటర్లయితే ఈ తేడాలతో సర్దుకుపోవచ్చు. అవన్నీ కలిసి ఒకే లెక్క చేయాల్సిన క్లస్టర్ అయితే కుదరదు. ముప్పై తొమ్మిది నోడ్‌లు, అంటే క్లస్టర్‌లోని యంత్రాలు, సరిగ్గా ఉండి నలభయ్యోదాంట్లో లైబ్రరీ వెర్షన్ తేడా పడితే రాత్రంతా నడవాల్సిన జాబ్ మొదటి నిమిషంలోనే ఆగిపోతుంది. ఆగకుండా నడిచి తప్పు ఫలితం ఇచ్చిందంటే అది ఇంకా ప్రమాదం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతానికి ఈ ప్రశ్న ఇప్పుడు దూరమైనది కాదు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూహెచ్ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. సిరిసిల్ల పక్కన అగ్రహారంలో 2021లో అదే యూనివర్సిటీ మరో కాలేజీ తెరిచింది. జగిత్యాల పొలాసలో వ్యవసాయ కళాశాల, ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. వరి రకాల జన్యు సమాచారం, పశువుల వ్యాధుల లెక్కలు, వాతావరణ నమూనాలు, మెషిన్ లెర్నింగ్ ప్రాజెక్టులు అన్నీ ఒక కంప్యూటర్‌కు బరువయ్యే పనులే. పది, ఇరవై మామూలు యంత్రాలను కలిపితే మోయగలిగినవి కూడా. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో థామస్ స్టెర్లింగ్, డొనాల్డ్ బెకర్ పదహారు 486 ప్రాసెసర్లను మామూలు ఈథర్‌నెట్‌తో కలిపి బేవుల్ఫ్ క్లస్టర్ కట్టినప్పటి నుంచీ ఇది ఖరీదైన సంస్థలకే పరిమితమైన విద్య కాదు. మన దగ్గర అడ్డం పడేది యంత్రాల కొరత కన్నా వాటిని ఒకేలా నిలబెట్టి, ఒకేలా ఉంచే మనుషుల కొరత. సాధారణంగా ఒక్క ల్యాబ్ టెక్నీషియనే దిక్కు. ఆయన బదిలీ అయితే ఆయనకు తెలిసిందంతా ఆయనతోనే పోతుంది. నెట్‌వర్క్ మీదుగా, మనిషి చెయ్యి పడకుండా ఓఎస్ ఎక్కించే పద్ధతులను ఈ కోణం నుంచే తూచాలి.

మూలం పాతదే. డిస్క్ లేని వర్క్‌స్టేషన్లను నడపడానికి 1984లో రార్ప్, 1985లో బూట్‌పీ అనే ప్రోటోకాళ్లు వచ్చాయి. ‘నా నెట్‌వర్క్ కార్డు నంబరు ఇది, నా చిరునామా ఏది, నన్ను లేపే ఫైలు ఎక్కడుంది’ అని యంత్రం అడిగితే సర్వర్ చెప్పడమే వాటి పని. 1993లో డీహెచ్‌సీపీ ఆ పనిని విస్తరించింది. 90ల చివర్లో ఇంటెల్ నెట్‌వర్క్ బూట్‌కు పీఎక్స్‌ఈ ప్రమాణాన్ని ఖరారు చేసింది. ఇప్పుడు వాడుకలో ఉన్న 2.1 రూపం 1999 సెప్టెంబరుది. అప్పటి నుంచి మామూలు డెస్క్‌టాప్ బయోస్‌లో కూడా నెట్‌వర్క్ బూట్ అనే ఎంపిక కనిపిస్తోంది. మన ల్యాబ్‌లలో దాన్ని ఆన్ చేసి చూసినవాళ్లు తక్కువ.

పవర్ నొక్కాక ఏం జరుగుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. యంత్రం ముందుగా నెట్‌వర్క్ అంతటికీ వినిపించేలా ఒక కేక వేస్తుంది. డీహెచ్‌సీపీ సర్వర్ దానికి చిరునామా ఇచ్చి, బూట్ ఫైలు ఏ సర్వర్‌లో ఏ పేరుతో ఉందో చెబుతుంది. పాత బయోస్ యంత్రానికి ఒక ఫైలు, యూఈఎఫ్ఐ యంత్రానికి వేరే ఫైలు కావాలి; ఎవరు అడుగుతున్నారో ఆ అభ్యర్థనలోని 93వ ఆప్షన్ చూసి సర్వర్ తెలుసుకుంటుంది. ఆ చిన్న ఫైలు (ఉదాహరణకు పీఎక్స్‌ఈలినక్స్) టీఎఫ్‌టీపీ అనే ఫైలు బదిలీ ప్రోటోకాల్ ద్వారా దిగి, తన సెట్టింగుల ఫైలు కోసం వెతుకుతుంది. పీఎక్స్‌ఈలినక్స్ వెతికే వరస తెలిస్తే సగం పని తెలిసినట్టే. మొదట యంత్రం గుర్తింపు సంఖ్య (యూయూఐడీ) పేరుతో ఉన్న ఫైలు, తర్వాత కార్డు నంబరు పేరుతో ఉన్నది. అది లేకపోతే ఐపీ చిరునామాను హెక్సాడెసిమల్‌లో రాసిన పేరు, 192.168.2.11 అయితే సీ0ఏ8020బీ. అదీ లేకపోతే కుడివైపు నుంచి ఒక్కో అంకె తీసేస్తూ మళ్లీ మళ్లీ చూస్తుంది. చివరికి డిఫాల్ట్. అంటే సీ0ఏ802 అని ఒక్క ఫైలు పెడితే 192.168.2తో మొదలయ్యే నోడ్‌లన్నిటికీ అదే వర్తిస్తుంది. ఒక్క నోడ్‌కు వేరే ఏర్పాటు కావాలంటే దాని కార్డు నంబరుతో ఇంకో ఫైలు పెడితే సరి. ఆ తర్వాత కెర్నెల్, దాని వెంట మొదటి మెట్టు ఫైళ్ల మూట ఇనిట్ఆర్‌డీ దిగుతాయి, ఇన్‌స్టాలర్ లేస్తుంది. దానికి జవాబులు ఎక్కడ దొరుకుతాయో కెర్నెల్‌కు ఇచ్చిన వరుసలోనే రాసి ఉంటుంది. ఇక కీబోర్డు అవసరం లేదు.

ఇక్కడి నుంచి పద్ధతులు మూడు దారులుగా చీలుతాయి.

మొదటిది జవాబుల ఫైలు దారి. సన్ కంపెనీ సొలారిస్‌కు జంప్‌స్టార్ట్ చేస్తే, రెడ్‌హ్యాట్ కిక్‌స్టార్ట్, డెబియన్ ప్రీసీడ్, సూజే ఆటోయాస్ట్ తెచ్చాయి. ఉబుంటు 20.04 నుంచి సర్వర్ ఇన్‌స్టాలర్‌కు ఆటోఇన్‌స్టాల్ వచ్చింది. జర్మనీలో కొలోన్ యూనివర్సిటీకి చెందిన థామస్ లాంగే 1999 నుంచి పోషిస్తున్న ఎఫ్ఏఐ కూడా ఈ కుటుంబానిదే. డిస్క్‌ను ఎలా విభజించాలి, ఏ ప్యాకేజీలు కావాలి, చివర్లో ఏ స్క్రిప్టు నడవాలి అన్నీ ఒక టెక్స్ట్ ఫైలులో ఉంటాయి. మొదలుపెట్టేవారికి ఒక సులువుంది. రెడ్‌హ్యాట్ కుటుంబంలో ఒక్క యంత్రానికి చేత్తో ఓఎస్ వేస్తే, మనం ఇచ్చిన జవాబులన్నిటినీ ఇన్‌స్టాలర్ రూట్ ఫోల్డర్‌లో అనకొండ పేరుతో కిక్‌స్టార్ట్ ఫైలుగా దాచి పెడుతుంది. ఉబుంటు కూడా లాగ్ ఫోల్డర్‌లో అలాగే ఒక ఫైలు ఉంచుతుంది. తెల్ల కాగితంతో మొదలుపెట్టాల్సిన పని లేదు.

రెండోది ఇమేజ్ దారి. ఒక యంత్రాన్ని బాగా సిద్ధం చేసి దాని డిస్క్‌ను అచ్చంగా మిగతావాటికి పోస్తారు. సిస్టమ్‌ఇమేజర్, తైవాన్‌లో పుట్టిన క్లోన్‌జిల్లా ఈ తరహావి. ఒకే మోడల్ యంత్రాలున్న ల్యాబ్‌కు ఇది చాలా వేగం. మల్టీకాస్ట్ వాడితే ఒక్కసారి పంపిన డేటాను అందరూ ఒకేసారి అందుకుంటారు. లోపం ఏమిటంటే, ఆ ఇమేజ్ ఎలా తయారైందో ఇమేజ్ చెప్పదు. రెండేళ్ల తర్వాత ఒక ప్యాకేజీ మార్చాలంటే మళ్లీ ఆ మూల యంత్రాన్ని లేపాలి. అందులో ఎవరు ఏం మార్చారో గుర్తుండదు.

మూడోది డిస్క్ ముట్టని దారి. నోడ్ ప్రతిసారీ నెట్‌వర్క్ నుంచే లేచి, ఓఎస్ మొత్తాన్ని మెమరీలోకి దించుకుని పనిచేస్తుంది. ఆపితే ఏమీ మిగలదు. 2001లో బర్క్‌లీ ల్యాబ్‌లో గ్రెగ్ కర్ట్‌జర్ మొదలుపెట్టిన వేర్‌వుల్ఫ్ ఈ దారికి పెద్ద దిక్కు. దాని నాలుగో వెర్షన్ కంటైనర్ ఇమేజ్‌నే నోడ్ ఓఎస్‌గా వాడుకోనిస్తుంది.

ఈ దారుల మీద పూర్తి నిర్వహణ వ్యవస్థలు కట్టారు. శాన్‌డియాగో సూపర్‌కంప్యూటర్ సెంటర్ 2000లో తెచ్చిన రాక్స్‌ది సాహసమైన ఆలోచన: నోడ్ మీద అనుమానం వస్తే బాగుచేస్తూ కూర్చోవద్దు, ఓఎస్ మళ్లీ వేసేయండి. అందులో ఇన్సర్ట్‌ఈథర్స్ అనే పనిముట్టు నడిపి, నోడ్‌లను ఒక్కొక్కటిగా ఆన్ చేస్తే చాలు. వచ్చిన డీహెచ్‌సీపీ కేకను పట్టుకుని కంప్యూట్ 0-0, 0-1 అని వరసగా పేర్లు పెట్టేది. ఐబీఎంలో 1999లో పుట్టిన ఎక్స్‌క్యాట్ వేల నోడ్‌ల స్థాయికి ఎదిగింది. కాబ్లర్, ఫోర్‌మన్, కానానికల్ వారి మాస్, ఓపెన్‌స్టాక్‌లోని ఐరనిక్ డేటా సెంటర్ల అవసరాలకు తగినవి. కాబ్లర్ మొదలుపెట్టిన మైకేల్ డిహానే 2012లో యంత్రాల సెట్టింగులను చూసుకునే ఆన్సిబుల్ తెచ్చాడు. ఓఎస్ ఎక్కించడం ఒక మెట్టే, ఆ తర్వాత దాన్ని అలాగే నిలబెట్టడం ఇంకో మెట్టు అని ఆ రెండు పనిముట్లూ పక్కపక్కన చూస్తే అర్థమవుతుంది. 2015లో లినక్స్ ఫౌండేషన్ నీడన మొదలైన ఓపెన్‌హెచ్‌పీసీ ఈ ముక్కలన్నిటినీ కలిపి, వరస క్రమంలో వంటకంలా రాసి ఇస్తోంది. మన దేశంలో 2015లో ఆమోదం పొందిన జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద సీడాక్ నిలబెట్టిన పరమ్ యంత్రాల సాఫ్ట్‌వేర్ జాబితాల్లోనూ ఓపెన్‌హెచ్‌పీసీ, ఎక్స్‌క్యాట్, నోడ్‌లకు జాబ్‌లు పంచే స్లర్మ్ పేర్లే కనిపిస్తాయి. ఐఐటీ హైదరాబాద్‌లో 2022లో వచ్చిన 838 టెరాఫ్లాప్స్ పరమ్ సేవ ఆ మిషన్‌దే. నాచుపల్లి విద్యార్థి పాత డెస్క్‌టాప్‌ల మీద నేర్చుకునేది, కందిలోని ఆ ఐఐటీ క్యాంపస్‌లో పనికొచ్చేది ఒకే విద్య.

ఇన్ని పనిముట్లలో దేన్ని నమ్మాలి? ఇక్కడ వయసు లెక్క చూడాలి. రాక్స్ చివరి పెద్ద విడుదల 2017 డిసెంబరులో సెంటోస్ 7 మీద వచ్చింది. సెంటోస్ 8కి 2021 చివరితోనే మద్దతు ముగిసింది, సెంటోస్ 7కి 2024 జూన్ 30తో. అంటే రాక్స్ మీద కట్టిన క్లస్టర్‌కు ఇవాళ భద్రతా మార్పులు అందవు. ఎక్స్‌క్యాట్‌ను ఆపేస్తామని దాన్ని నడిపేవారు 2023లో ప్రకటించారు. ఇతర సంస్థలు కలిసి చేతిలోకి తీసుకోవడంతో అది బతికింది. ఎంత పేరున్న పనిముట్టుకైనా ఆయుష్షు పరిమితం. కిక్‌స్టార్ట్ ఫైలు మాత్రం పాతికేళ్లకు పైగా దాదాపు అదే రూపంలో పనికొస్తోంది. సెంటోస్ బదులు వచ్చిన రాకీ, ఆల్మా లినక్స్ 9కి 2032 మే దాకా మద్దతుంది. చిన్న కాలేజీ తన కష్టాన్ని సాదా టెక్స్ట్ ఫైళ్లలో పెట్టుకుంటే, పైనున్న పనిముట్టు మారినా ఆ కష్టం వృథా పోదు. ఈ సమీక్షలో నేను గట్టిగా చెప్పదలుచుకున్నది ఇదే: కాపాడుకోవాల్సింది సర్వర్‌ను కాదు, దాన్ని మళ్లీ పుట్టించగల రాతను.

సిరిసిల్లలో ఏ ఆసామీ తన సాంచె (మరమగ్గం) దగ్గర పోగు పోగూ లెక్కపెట్టి చుట్టడు. వార్పింగ్ దగ్గర ఒకసారి లెక్క కట్టి బీములకు చుడితే, అదే లెక్క సాంచెలన్నిటికీ ఎక్కుతుంది. అక్కడ తప్పితే నేసిన బట్టంతా తప్పుతుంది కాబట్టి శ్రద్ధంతా అక్కడే పెడతారు. జవాబుల ఫైలుకూ అంతే శ్రద్ధ దక్కాలి. నలభై యంత్రాలకు ఒకేసారి మేలు చేసే ఫైలు నలభై యంత్రాలకు ఒకేసారి కీడు కూడా చేయగలదు.

ఆ కీడు ఎక్కడెక్కడ పొంచి ఉంటుందో చెప్పకుండా పద్ధతులను పొగిడితే సమీక్ష సగమే అవుతుంది.

మొదటిది, తుడిచేసే ప్రమాదం. కిక్‌స్టార్ట్‌లో క్లియర్‌పార్ట్ ఆల్ అన్న ఒక్క వరుస కనిపించిన డిస్క్‌లన్నిటినీ ఖాళీ చేస్తుంది. పరిశోధన డేటా ఉన్న రెండో డిస్క్ కూడా అందులో పోతుంది. ఏ డిస్క్ మీదే పని చేయాలో ఇగ్నోర్‌డిస్క్ వరుసతో కట్టడి చేయాలి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు బూట్ బూట్‌కూ తారుమారు కావచ్చు కాబట్టి డిస్క్‌ను దాని ఐడీతో పేర్కొనాలి. ఇంతకన్నా ముఖ్యమైన నియమం ఇంకోటుంది. డిఫాల్ట్ ఎంపిక ఎప్పుడూ ‘లోకల్ డిస్క్ నుంచి బూట్’ అయి ఉండాలి. మనం పేరుపేరునా నమోదు చేసిన కార్డు నంబర్లకే ఇన్‌స్టాల్ దక్కాలి. లేకపోతే నెట్‌వర్క్ బూట్ ఆన్‌లో ఉన్న విద్యార్థి ల్యాప్‌టాప్ ఆ స్విచ్‌కు తగిలిన రోజున అతని ప్రాజెక్టంతా తుడిచిపెట్టుకుపోతుంది.

రెండోది, ఆగని వలయం. బూట్ వరసలో నెట్‌వర్క్ ముందుంటే ఓఎస్ వేయడం పూర్తయి రీబూట్ అయిన యంత్రం మళ్లీ నెట్‌వర్క్‌కే వెళ్లి మళ్లీ ఓఎస్ వేసుకుంటుంది. ఫోర్‌మన్, కాబ్లర్ దీన్ని తామే చూసుకుంటాయి. సొంతంగా కట్టుకునేవారు జవాబుల ఫైలు చివరి స్క్రిప్టులోనే ‘నా పని అయింది’ అని సర్వర్‌కు కబురు పంపించి ఆ నోడ్ ఫైలును మార్పించాలి. రాక్స్‌లో పవర్ పోయి హఠాత్తుగా ఆగిన నోడ్ తిరిగి లేచినప్పుడు డిఫాల్ట్‌గా ఓఎస్ మళ్లీ వేసుకునేది. కరెంటు స్థిరంగా ఉండే చోట అది ధైర్యమైన నిర్ణయం. కోతలున్న చోట, నోడ్‌లన్నీ ఒకేసారి సర్వర్ మీద పడతాయి. మనం ఏది ఎంచుకున్నా కరెంటు పోయి వచ్చిన సందర్భాన్ని ముందే పరీక్షించాలి.

మూడోది, స్విచ్ ఆలస్యం. మేనేజ్డ్ స్విచ్‌లో పాత తరహా స్పానింగ్ ట్రీ ఆన్‌లో ఉంటే, తీగ తగిలాక పోర్టు డేటా పంపడానికి ముప్పై సెకన్లు పడుతుంది. ఈలోపు యంత్రం అడిగి అడిగి విసిగి ‘బూట్ ఫైలు లేదు’ అంటుంది. కొన్నిసార్లు మొదటి మెట్టు దాటి, ఇన్‌స్టాలర్ నెట్‌వర్క్ కార్డును తిరిగి లేపే రెండో మెట్టులో ఆగుతుంది. సర్వర్‌లో తప్పు వెతుక్కుంటూ రోజులు పోతాయి. నోడ్‌లున్న పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ ఆన్ చేస్తే సమస్య తీరుతుంది.

నాలుగోది, టీఎఫ్‌టీపీ నిదానం. అది 512 బైట్ల ముక్క పంపి, అందిందన్న జవాబు వచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది. వంద మెగాబైట్ల ఇనిట్ఆర్‌డీ అంటే 2,04,800 ముక్కలు. ముక్క సంఖ్యకు పదహారు బిట్లే ఉన్నాయి కాబట్టి అసలు ప్రమాణం ప్రకారం 32 మెగాబైట్ల దగ్గరే ఆగాలి. 1995లో ముక్క పరిమాణం పెంచుకునే వీలొచ్చింది. అంతకన్నా మంచిది, టీఎఫ్‌టీపీతో ఐపీఎక్స్‌ఈ అనే చిన్న ఫైలును మాత్రం దించి, మిగతాదంతా హెచ్‌టీటీపీతో లాగడం. కొత్త యూఈఎఫ్ఐ యంత్రాలు నేరుగా హెచ్‌టీటీపీ నుంచే బూట్ కాగలవు.

ఐదోది, నమ్మకం. పీఎక్స్‌ఈలో ఎవరు జవాబు చెబుతున్నారో సరిచూసుకునే ఏర్పాటు లేదు. ముందు పలికిన డీహెచ్‌సీపీ సర్వర్‌దే మాట. అందుకే క్లస్టర్‌కు వేరే స్విచ్ గానీ వేరే వీల్యాన్ గానీ తప్పనిసరి. జవాబుల ఫైలును ఆ నెట్‌వర్క్‌లో ఎవరైనా చదవగలరు కాబట్టి అందులో పాస్‌వర్డ్ బదులు ఎస్‌ఎస్‌హెచ్ పబ్లిక్ కీ పెట్టి, రూట్ లాగిన్‌ను మూసేయాలి.

ఇక లెక్కకు వద్దాం. ఒక్కో నోడ్ ఒకటిన్నర గిగాబైట్ల ప్యాకేజీలు దించుకుంటుందనుకుందాం. నలభై నోడ్‌లకు అరవై గిగాబైట్లు. సెకనుకు వంద మెగాబిట్ల ఇంటర్నెట్ మీద, మధ్యలో ఒక్కసారీ తెగకపోయినా, ఎనభై నిమిషాలు. అదే సరుకును ల్యాబ్‌లోని సర్వర్‌లో ఒకసారి దించి పెట్టుకుని గిగాబిట్ స్విచ్ మీదుగా పంచితే లెక్క ప్రకారం ఎనిమిది నిమిషాలు. ఆచరణలో దానికి రెట్టింపు పట్టినా పెన్‌డ్రైవ్‌ల ఇరవై గంటలకు పోలికే లేదు. జిల్లా కాలేజీ మొదట కొనాల్సింది ఖరీదైన సర్వర్ కాదు, మంచి గిగాబిట్ స్విచ్, ఒక పెద్ద డిస్క్.

నా సిఫారసు మూడు తరగతులుగా ఉంటుంది.

నాలుగైదు యంత్రాలే ఉండి, ఏడాదికోసారి ఓఎస్ మార్చేవారికి క్లోన్‌జిల్లా చాలు. అంతకు మించింది వాళ్లకు బరువు. ఎప్పుడో ఒకసారి పెద్ద లెక్క పడే పరిశోధకులు క్లస్టర్ కట్టుకోవడం కన్నా ఉన్న సూపర్‌కంప్యూటర్ల మీద సమయం అడగడం మేలు.

పగలు తరగతులు, పరీక్షలు నడిచే ల్యాబ్‌ను రాత్రి క్లస్టర్‌గా వాడదలిస్తే మూడో దారి పట్టాలి. డిస్క్ మీదున్న విండోస్‌ను ముట్టుకోకుండానే యంత్రాలు వేర్‌వుల్ఫ్‌తో మెమరీలో లేస్తాయి. పొద్దున ఆపి మామూలుగా ఆన్ చేస్తే విద్యార్థికి తేడా తెలియదు. డెస్క్‌టాప్‌లకు దూరం నుంచి పవర్ నడిపే ఐపీఎంఐ ఉండదు గానీ వేక్ ఆన్ ల్యాన్ ఉంటుంది. ఆరు ఎఫ్ఎఫ్ బైట్లు, వాటి వెంట కార్డు నంబరును పదహారుసార్లు రాసిన 102 బైట్ల పొట్లం పంపితే నిద్రపోతున్న యంత్రం లేస్తుంది. యూపీఎస్ మీద భారం పడకుండా నాలుగేసి చొప్పున లేపడం మంచిది. ఓఎస్ ఇమేజ్ మెమరీని ఆక్రమిస్తుంది కాబట్టి ఎనిమిది గిగాబైట్లున్న యంత్రాల్లో దాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచుకోవాలి.

క్లస్టర్ కోసమే పక్కన పెట్టిన యంత్రాలుంటే కిక్‌స్టార్ట్‌తో మొదలుపెట్టాలి. డీఎన్‌ఎస్‌మాస్క్ అనే చిన్న ప్రోగ్రామ్ ఒక్కటే డీహెచ్‌సీపీ, టీఎఫ్‌టీపీ పనులు రెండూ చేస్తుంది. నేర్చుకునే దశలో క్యాంపస్ రూటర్ ఇచ్చే చిరునామాలను కదపకుండా, బూట్ సమాచారం మాత్రమే జోడించే ప్రాక్సీ పద్ధతి కూడా అందులో ఉంది. కిక్‌స్టార్ట్ ఓఎస్ వేసి కీ పెట్టేంతవరకే చూసుకోవాలి. స్లర్మ్, నోడ్‌లు మాట్లాడుకునే ఎంపీఐ, వాడుకరుల ఖాతాలు ఆన్సిబుల్‌కు వదిలేయాలి. ఫైళ్లన్నీ గిట్‌లో ఉండాలి. ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో అందులో నమోదవుతుంది. ఇరవై నోడ్‌లు దాటాక ఓపెన్‌హెచ్‌పీసీ వంటకానికి మారవచ్చు. ఫోర్‌మన్, మాస్, ఐరనిక్ వాటిని చూసుకోవడానికే మనుషులున్న సంస్థలకు వదిలేయడం మంచిది.

ఇదంతా నేర్చుకోవడానికి క్లస్టర్ వచ్చేదాకా ఆగనక్కర్లేదు. పదహారు గిగాబైట్ల మెమరీ ఉన్న ఒక ల్యాప్‌టాప్‌లో ఒక సర్వర్, మూడు ఖాళీ నోడ్‌లను వర్చువల్ యంత్రాలుగా పెట్టి కోరుట్లలో ఇంట్లో కూర్చున్న విద్యార్థి కూడా మొత్తం ప్రక్రియను చూడవచ్చు. తుడిచేసినా నష్టం లేదు. బీటెక్ మూడో ఏడాది నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో డీహెచ్‌సీపీని నిర్వచనంగా బట్టీ పెట్టే బదులు, ఖాళీ యంత్రం తనంతట తాను లేచి ఓఎస్ వేసుకోవడం చూస్తే ఆ పాఠం జీవితాంతం గుర్తుంటుంది. ఈ పని తెలిసినవారికి డేటా సెంటర్లలో, క్లౌడ్ సంస్థల్లో ఉద్యోగాలున్నాయి. మన పిల్లలు కోచింగ్ కోసం అమీర్‌పేట దాకా వెళ్లి డబ్బు కట్టాల్సిన విద్య ఇది కాదు. అవసరమైన సాఫ్ట్‌వేర్ అంతా స్వేచ్ఛగా దొరుకుతుంది, యంత్రాలు ల్యాబ్‌లోనే ఉన్నాయి.

విభాగాధిపతులకు ఒక మనవి. స్టాక్ రిజిస్టర్‌లో కుర్చీలు, మానిటర్లు రాసుకున్నట్టే జవాబుల ఫైలు, కార్డు నంబర్ల పట్టిక, గిట్ చిరునామా కూడా రాసుకోండి. టెక్నీషియన్ బదిలీ అయ్యేరోజు తాళాలతో పాటు అవీ చేతులు మారాలి. కట్టిన వ్యవస్థ నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చే పరీక్ష ఒక్కటే. సెమిస్టర్‌కు ఒకసారి, విద్యార్థుల ముందు, వాళ్లే ఎంచిన ఒక నోడ్‌ను పూర్తిగా తుడిచేయండి. ఫైళ్లు రాసిన మనిషి గదిలో లేకుండా, కీబోర్డు ఎవరూ ముట్టకుండా ఆ నోడ్ తిరిగొచ్చి జాబ్ అందుకుంటే ఆ కాలేజీకి క్లస్టర్ ఉన్నట్టు. రాకపోతే ఎక్కడ ఆగిందో ఆ రోజే వెతికి, ఆ వరుసను ఫైలులోకి ఎక్కించండి.